ఆరో పాటలో గిటార్

చిక్కడపల్లిలో నేను కిరాయికి ఉండే గది నాలుగో అంతస్తు పైన, నీళ్ల ట్యాంకు పక్కన ఉంటుంది. మా ఊళ్లో దీన్ని పెంట్‌హౌస్ అంటారు. పేరు విని ఎవరూ కుళ్లుకోనక్కర్లేదు. పైన సిమెంటు రేకులు. ఎండాకాలంలో పొద్దున శ్రుతి చేసిన గిటార్ మధ్యాహ్నానికి జారిపోతుంది, దాంతోపాటు మనమూ జారిపోతాం.

ఆ గదిలోనే నేనూ నా స్నేహితుడూ కలిసి మూడేళ్లలో ఆరు పాటలు చేశాం. రాసేది ఇద్దరం, గిటార్ నాది, గొంతు అతనిది. మా ఇద్దరి బ్యాండుకు ఒక పేరు కూడా ఉండేది. అది మాకూ, మమ్మల్ని విన్న కొద్దిమందికీ తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఇక్కడ రాయను. అసలు ఇందులో ఎవరి పేరూ రాయదలచుకోలేదు. రాస్తే ముందు నా పేరు రాయాల్సి వస్తుంది, ఆ ధైర్యం నాకు లేదు.

మేమిద్దరం నారాయణగూడలో ఇంటర్ చదివినప్పుడు ఒకే బెంచీ. నేను డిగ్రీ అరకొరగా ముగించి గిటార్ పట్టుకున్నాను. అతను బుద్ధిమంతుడు. ఎమ్మెస్సీ చేసి, గ్రూప్స్ రాసి, రెండుసార్లు ఒడ్డుదాకా వెళ్లి మునిగి, చివరికి గ్రూప్స్ రాసేవాళ్లకు పాఠం చెప్పే పనిలో కుదిరాడు. అశోక్‌నగర్‌లో ఇది మామూలే. అక్కడ పాఠం చెప్పేవాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే హాల్లో వెనక వరసలో కూర్చుని విన్నవాళ్లు.

అతను భూగోళం చెప్పేవాడు. మూడు వందల మంది పట్టే హాలు, కాలరుకు ఒక మైకు. మైకు మొరాయించిన రోజు నదులూ ఉపనదులూ అన్నీ అరిచి చెప్పేవాడు. అలా పొద్దంతా అరిచి, అశోక్‌నగర్ నుంచి నడుచుకుంటూ మా గదికి వచ్చి, నాలుగంతస్తులు ఎక్కి, చెంబెడు నీళ్లు తాగి, పాడేవాడు. తియ్యటి గొంతు కాదు. సినిమాలకు పనికిరాదని అతనే అనేవాడు. కానీ పాడుతుంటే ఎదురుగా కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. పాటలు రాయాలని నాకు అనిపించిందే ఆ గొంతు విన్నాక. ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇక రెండో బ్యాండు. అది పెళ్లిళ్ల బ్యాండు. సంగీత్‌లు, రిసెప్షన్లు, కంపెనీల వార్షికోత్సవాలు. ఏడుగురం, అందరికీ నల్ల చొక్కాలు, వాయించేవన్నీ సినిమా పాటలు. నా కిరాయి, నా తిండి, నా గిటార్ తీగలు అన్నీ దాని చలవే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, వారమంతా రేకుల కింద చెమటలు కక్కి, వారాంతానికి పూల గోడ ముందు, పొగ మిషను వెనక తయారయ్యేవాణ్ని.

మా లీడర్‌ను అందరం అన్న అనేవాళ్లం. యాభై దాటిన మనిషి, కీబోర్డు వాయిస్తాడు. చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్నది ఒక్కటే పట్టింపు, డేటు. ఈ పనిలో కాగితాలూ సంతకాలూ ఉండవు. ఫోనొస్తుంది, ఫలానా రోజు ఖాళీయేనా అని అడుగుతారు, ఖాళీ అన్నావంటే ఆ రోజు ఇక నీది కాదు. కుదరదన్నావంటే నీ బదులు వాయించడానికి ఇంకొకడు వస్తాడు, వాణ్ని సబ్ అంటారు. సబ్ బాగా వాయిస్తే తర్వాతి ఫోను వాడికే పోతుంది. ఎవరూ ఎవరినీ తీసెయ్యరు. ఫోను రావడం ఆగిపోతుంది, అంతే. ఈ మర్మం నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను ఒక్క రోజు సబ్‌గా వచ్చి నాలుగేళ్లుగా ఉండిపోయినవాణ్ని. నా ముందున్న గిటారిస్టు చేసిన నేరమల్లా చెల్లెలి సీమంతమని ఒక్క డేటు కాదనడం.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకు బిడ్డా అని మా అమ్మ అనేది. నేను పెట్టలేదు. రెండు కాళ్లూ పెళ్లిళ్ల పడవలోనే పెట్టి, రెండోదాన్ని వెనక తాడుతో లాక్కుంటూ పోయాను. లాగుతున్నాను కదా, అది కూడా వస్తూనే ఉంది కదా అనుకున్నాను.

పాట రికార్డు చేసే ముందు గైడ్ అని ఒకటి పాడి పెట్టుకుంటారు. తప్పులున్నా ఫరవాలేదు, గొంతు బాగాలేకపోయినా ఫరవాలేదు. పాట మొదటినుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో తెలియడం కోసమే అది. దాన్ని చెవిలో పెట్టుకుని మిగతా వాయిద్యాలన్నీ వాయించుకుంటారు. ఆఖర్న గాయకుడు వచ్చి అసలు గొంతు పాడతాడు, గైడ్ తీసి పారేస్తారు. స్లాబు పోసేటప్పుడు కింద కొట్టే సెంట్రింగ్ చెక్కల్లాంటిది. స్లాబు గట్టిపడ్డాక ఆ చెక్కలను ఎవరూ దాచుకోరు.

మేము గైడ్ పాడుకున్నది ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. నా దగ్గర రెండే మైకులు. ఒకటి అతని నోటి ముందు, ఇంకొకటి నా గిటార్ ముందు, రెండూ వేరువేరు ఫైళ్లుగా ఎక్కుతాయి. అతను మంచం మీద, నేను స్టూలు మీద, మోకాళ్లు ఒకరివి ఒకరికి తగులుతున్నాయి. చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేశాం. కింద ఓనర్ల వంటింట్లో కుక్కరు ఈల వేసినప్పుడల్లా ఆగి నవ్వుకునేవాళ్లం. ఒక్క బిగిన ఆరు పాటలూ పాడేశాడు. ఆరోది లైబ్రరీలో తెల్లారకముందే పుస్తకం పెట్టి సీటు ఆపుకునే పిల్లల గురించి మేము రాసింది. అది పాడుతుండగా పక్కన ట్యాంకు నిండి నీళ్లు పొంగి గోడ మీదుగా కారడం మొదలైంది. మేము ఆగలేదు. గైడే కదా.

అయిపోయాక చొక్కా విప్పి పిండుకుంటూ, "ఇది ఎవ్వరికీ వినిపియ్యకురా, ఉట్టిగ పాడిన" అన్నాడు. ఎవరికీ వినిపించనని మాటిచ్చాను. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

తర్వాత రెండు నెలల్లో అయిదు పాటలకు నా గిటార్ మళ్లీ శుభ్రంగా వాయించి పెట్టుకుని, పాత గిటార్ చెరిపేశాను. ఆరోది మిగిలిపోయింది. శ్రావణం వచ్చింది, ముహూర్తాలు మొదలయ్యాయి, అన్న ఫోన్లు మొదలయ్యాయి. అసలు గొంతు పాడించే పని కూడా ముహూర్తాలు అయిపోయాక చూద్దామన్నాను. అతను సరేనన్నాడు. అతను అన్నింటికీ సరేననేవాడు, అదీ నా ఖర్మ.

ఆ శ్రావణంలోనే అతని గొంతు బొంగురుపోయింది. పంతుళ్ల గొంతు అంతే, దసరా సెలవులకు అదే సర్దుకుంటుందని అందరం అనుకున్నాం. వాళ్లావిడ మిరియాల పాలు కాచి ఇచ్చేది. నేను కరక్కాయ తెచ్చి బుగ్గన పెట్టుకోమన్నాను. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, గొంతు అలాగే ఉంది. అప్పుడు ఆస్పత్రికి వెళ్లాడు. స్వరతంత్రి మీద గడ్డ ఉందనీ, అది మంచి గడ్డ కాదనీ తేలింది.

రిపోర్టు తీసుకునే రోజు నేను వెంట ఉన్నాను. వచ్చే సోమవారం ఆపరేషన్ అని డాక్టరు చెప్పాడు. ఒక తంత్రిని పూర్తిగా తీసేస్తారట. తర్వాత మాట వస్తుంది కానీ గాలిలా వస్తుందనీ, పాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దనీ నెమ్మదిగా అన్నాడు. నా స్నేహితుడు తలూపి, పాఠం చెప్పొచ్చా సార్ అని అడిగాడు. డాక్టరు రిపోర్టు వైపు చూశాడు.

తిరిగొచ్చి అశోక్‌నగర్ చౌరస్తా దగ్గర ఛాయ్ తాగుతూ నిలబడ్డాం. చుట్టూ అతని విద్యార్థులే, నమస్తే సార్ అంటూ పోతున్నారు. అతను సగం తాగిన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆరు పాటలు పాడేస్త రా. గొంతు ఎట్లుంటె అట్ల. సోమారం నుంచి గీ గొంతు గూడ ఉండదు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం అనుకున్నాం. అతను ఆ రోజుకు సెలవు పెట్టాడు. నేను గది ఊడ్చి, గోడలకు బొంతలు వేలాడదీసి, మైకు కొత్త స్టాండుకు బిగించి పెట్టాను. బొంగురు గొంతైనా సరే, ఆ పాటలకు అదే బాగుంటుందని కూడా నాకు అనిపించింది. ఆ రెండు రోజులు నేను నిజంగా మంచి స్నేహితుణ్ని.

బుధవారం సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. శామీర్‌పేట అవతల ఒక ఫామ్‌హౌస్‌లో సంగీత్, వేరే బ్యాండు చేతులెత్తేసింది, మనకు వచ్చింది, పొద్దున పదింటికల్లా బండి ఎక్కాలన్నాడు. నేను సరే అన్నా అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నాలుగేళ్లుగా ఆ ఫోనుకు నా నోరు దానంతట అదే అనే మాట అది. పెట్టేశాక గోడలకు వేలాడుతున్న బొంతలు చూశాను. వెంటనే మళ్లీ ఫోన్ చేసి, అన్నా, నా దోస్తుకు ఇట్లా ఉంది, ఈ ఒక్కరోజు వదిలెయ్యమని అడగొచ్చు. అడగలేదు. సబ్‌గా ఎవణ్ని పిలుస్తాడో కూడా నాకు తెలుసు. విద్యానగర్ కుర్రాడు, నాకంటే బాగా వాయిస్తాడు.

స్నేహితుడికి ఫోన్ చేసి ఆదివారం పెట్టుకుందామన్నాను. ఆస్పత్రిలో చేరేది ఆదివారం సాయంత్రం కాబట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మనదే, తొందర లేకుండా పాడుకోవచ్చు, ఇంకా మంచిది అని ఏవేవో చెప్పాను.  అతను సరేనన్నాడు.

గురువారం శామీర్‌పేట దారిలో బండిలోనే తెలిసింది, అన్న ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదని. మా బ్యాండుకు ల్యాప్‌టాప్ లేకపోతే ప్రాణం లేనట్టే. డ్రమ్ముల మోత, వయొలిన్లు, కోరస్ అన్నీ ముందే రికార్డు చేసి అందులో పెట్టుకుంటాం, వాటిని ట్రాకులు అంటాం, వాటి మీద మేము వాయిస్తాం. ట్రాకుల నకలు అన్న దగ్గర ఇంకో డిస్కులో ఉంది. నీ ల్యాప్‌టాప్ ఇయ్యి, అందులో వేద్దాం అన్నాడు. వేయబోతే నా దాంట్లో చోటు లేదు.

చోటు చెయ్యడానికి ఏం తియ్యాలా అని వెతికాను. బండి గతుకుల్లో ఊగుతోంది, అన్న భుజం మీద నుంచి చూస్తూ తొందరపెడుతున్నాడు. గైడ్ అని పేరు పెట్టిన ఆరు ఫైళ్లు కనిపించాయి. ఎలాగూ ఆదివారం అసలు గొంతు పాడేస్తాడు, గైడ్ అంటే పారేసేదే అనుకున్నాను. చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఈ పని తెలిసినవాడు ఎవడైనా అదే చేస్తాడు. తెలియనివాడైతే భయపడి ఆగేవాడు. స్లాబు పొయ్యకముందే చెక్కలు పీకేశాను.

సంగీత్ బాగా జరిగింది. చాలా బాగా జరిగింది. పెళ్లికూతురు మేనత్తలు మా చేత ఒకే పాట మూడుసార్లు వాయింపజేశారు.

శనివారం నారాయణగూడలో ప్రాక్టీసు. కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం పైన మాకొక గది ఉంది, తలుపుకు చిన్న అద్దం. లోపలికి పోయేటప్పుడు ఫోన్లన్నీ ఒక స్టీలు తపేలాలో వెయ్యాలి, అది అన్న పెట్టిన నియమం. ఒక గంట గడిచాక తల తిప్పితే అద్దంలో నా స్నేహితుడి ముఖం కనిపించింది. మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నేను అయిదు నిమిషాలని చెయ్యి చూపించాను. అతను తలూపి మెట్ల మీద కూర్చున్నాడు. అన్న ఆ రోజు పెళ్లికూతురు నడిచొచ్చే పాట సరిగ్గా కుదరడం లేదని పదకొండుసార్లు వాయించాడు. పదకొండుసార్లూ అతను బయట కూర్చుని విన్నాడు. చివరికి నేను బయటికొచ్చేసరికి మెట్ల మీద లేడు.

తపేలాలోంచి ఫోన్ తీస్తే మూడు మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్. ఆస్పత్రిలో మంచం ఖాళీ అయ్యిందట, రేపు పొద్దున్నే చేరమంటున్నారు, స్కానింగ్‌కు విద్యానగర్ పోతున్నానని ఉంది.

పరుగెత్తాను. స్కానింగ్ సెంటర్‌లో వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో కూర్చుని ఉన్నాడు, పక్కన వాళ్లావిడ, ఒళ్లో పాత రిపోర్టుల సంచి. నన్ను చూసి నవ్వి, పక్క కుర్చీ చూపించాడు. నేను కూర్చున్నాను. గొంతు అప్పటికి ఇంకా బొంగురుపోయింది, కాస్త దగ్గరికి జరిగితే గాని మాట అందడం లేదు.

"పరేషాన్ గాకు. గైడ్ ఉన్నది గద. దాన్నే జర మంచిగ చెయ్యి" అన్నాడు.

అప్పుడు టైము సాయంత్రం అయిదు. స్కానింగ్ అరగంట పని. విద్యానగర్ నుంచి మా గదికి ఆటోలో పావుగంట. గోడలకు బొంతలు ఇంకా అలాగే ఉన్నాయి. గైడ్ లేదురా, పొరపాటున చెరిపేశాను, ఇప్పుడే పద అని ఒక్క మాట చెప్పి ఉంటే, అతను తప్పకుండా వచ్చేవాడు. ఆరు కాకపోయినా మూడైనా పాడేవాడు. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. వాళ్లావిడ నా వైపు చూస్తోంది. ఎల్లుండి కత్తి కిందికి పోయే మనిషికి ఈ కబురు చెప్పడమెలా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. సాకు అందంగానే ఉంది. అసలు సంగతి నాకు సిగ్గేసింది, అంతే.

"మంచిగ చేస్త రా" అన్నాను.

సోమవారం ఆపరేషన్ అయ్యింది. గడ్డ పూర్తిగా తీసేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. అతని మాట డాక్టరు చెప్పినట్టే వచ్చింది, గాలిలా. కోచింగ్ సెంటర్ వాళ్లు ఇంటి దగ్గర కూర్చుని ప్రశ్నపత్రాలు తయారుచేసే పని ఇచ్చారు. హాల్లో భూగోళం ఇప్పుడు ఇంకెవరో చెబుతున్నారు. అది కూడా సబ్ లాంటిదే.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుని తెలిసినవాళ్లందరి దగ్గరికీ తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. చెరిపిన చోట ఇంకేదీ రాయకుండా ఉంటే ఏమైనా దొరికేదేమో అని ఒకతను అన్నాడు. ఆ చోటులో అదే రోజు పెళ్లి పాటల ట్రాకులు వచ్చి కూర్చున్నాయి. ఎప్పుడో ఒక కేఫ్‌లో పాడినప్పుడు ఎవరో ఫోన్లో తీసిన ముక్కలు రెండు దొరికాయి. వాటిలో పాట కంటే కప్పుల చప్పుడు ఎక్కువ.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక మనసు ఆగక అన్నకు అంతా చెప్పాను. ఆయన కీబోర్డు సంచిలో పెడుతూ ఆగిపోయాడు. 

"గీ సంగతి ముందుగాల్నే చెప్పకపోతివి. ట్రాక్‌ల గిటార్ ఉండనే ఉండె గదనే. నువ్వు లేకున్నా నడిచేది" అన్నాడు.

ఆయన ఓదార్పుగానే అన్నాడు. నిజమే, ట్రాకులో గిటార్ ఉంది. నాలుగేళ్లుగా దాని పక్కన నేను ఇంకొకసారి వాయిస్తున్నాను. ఆ సీటు పోతుందని భయపడి నేను పోగొట్టుకున్నదేమిటో ఆ మెట్లు దిగుతుంటే అర్థమైంది. నాకు నా మీద వచ్చినంత కోపం అప్పటిదాకా ఎవరి మీదా రాలేదు. అయినా ఆ బ్యాండు మానలేదు. ఇప్పటికీ అందులోనే ఉన్నాను, కిరాయి కట్టాలి కదా.

అడిక్‌మెట్‌లో వాళ్లింటికి వారానికోసారి వెళ్లేవాణ్ని. వెళ్లినప్పుడల్లా పాటలు ఎంతవరకు వచ్చాయని అడిగేవాడు. మిక్సింగ్ నడుస్తోందని చెప్పేవాణ్ని. నాలుగు నెలలు అదే చెప్పాను. అబద్ధం చెప్పడం కూడా వాయిద్యం లాంటిదే, రోజూ సాధన చేస్తే చెయ్యి తిరుగుతుంది.

ఫాల్గుణంలో, పెళ్లిళ్లు లేని ఒక వారం, ఆరో పాట తెరిచాను. దానికొక్కదానికే నా గిటార్ మళ్లీ వాయించలేదని ముందే చెప్పాను కదా. కనీసం ఆ పనైనా పూర్తిచేద్దామని, పాత గిటార్ ఒకసారి విని చెరిపేద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నా గిటార్ మొదలైంది. దాని వెనక, గోడ అవతలి నుంచి అన్నట్టు, అతను పాడుతున్నాడు.

మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చున్నాం కదా. నా గిటార్ ముందు పెట్టిన మైకు అతని గొంతును కూడా పట్టుకుంది. మామూలుగా ఇది దోషం. మైకులోకి పక్క శబ్దం కారకూడదని నానా తంటాలు పడతాం. మిగతా అయిదు పాటలకు బుద్ధిగా కూర్చుని పాత గిటార్ చెరిపి కొత్తది వాయించాను, వాటిలో ఏమీ లేదు. పని ఎగ్గొట్టిన పాటలో మాత్రం అతను ఉన్నాడు. మొదటి చరణం, రెండో చరణం, మధ్యలో ట్యాంకు పొంగిన చప్పుడు, అన్నీ ఉన్నాయి. రేకుల కింద ఒక్కణ్నే కూర్చుని ఏడ్చాను.

ఈ రోజుల్లో పాటలోంచి గొంతును విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. దొరికినవన్నీ పెట్టి చూశాను. గొంతు విడిగా వచ్చింది కానీ నీళ్ల అడుగు నుంచి ఎవరో పరాయివాడు పాడినట్టు వచ్చింది. సగం అక్షరాలు రాలిపోయాయి. చివరికి ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, వీలైనంత శుభ్రం చేశాను. అందులో గిటార్ బాగా పెద్దగా, గొంతు చిన్నగా ఉంటుంది. అంతకంటే నా చేతుల్లో లేదు.

ఆ ఆదివారం పొద్దున అడిక్‌మెట్ వెళ్లాను. అంతా చెప్పాలనే వెళ్లాను. వాళ్లావిడ తలుపు తీసి, "రా అన్నా, కూసో" అని, ఛాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అతను ప్రశ్నపత్రాలు పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు అందుకున్నాడు. ముందు విను అన్నాను. చెప్పడం మళ్లీ వాయిదా వేశాను, నా అలవాటు నన్ను వదల్లేదు.

కళ్లు మూసుకుని విన్నాడు. మొదటి చరణానికి పెదాలు కదిపాడు. వేళ్లతో మోకాలి మీద తాళం వేశాడు. ట్యాంకు పొంగే చోటికి వచ్చినప్పుడు నవ్వాడు. పాట అయిపోయాక హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుని, ఆ గాలి మాటతో అన్నాడు.

"మంచిగొచ్చిందిరా. గిటారే జర తగ్గియ్యి. నా గొంతు ఎన్కకు పోయింది."

తగ్గిస్తానని చెప్పి లేచి రావచ్చు. ఇంకో నాలుగు నెలలు గడిచేవి. ఎందుకో ఆ రోజు నోరు ఆ మాట అనలేదు.

"తగ్గదురా. నీ గొంతు గిటార్ మైకులనే ఉన్నది. అది తగ్గిస్తె నువ్వు గూడ తగ్గుతవ్" అన్నాను.

గైడ్ ఏమైందని అడిగాడు. అప్పుడు చెప్పాను. గురువారం, బండి, ల్యాప్‌టాప్‌లో చోటు లేకపోవడం, ఆరు ఫైళ్లు, ఏదీ దాచకుండా చెప్పాను. తప్పు జవాబు చెబుతున్న విద్యార్థిని ఆపకుండా వినే పంతులులా అంతా విన్నాడు. మిగతా అయిదు పాటల్లో ఎక్కడైనా ఉన్నానా అని అడిగాడు. లేవన్నాను.

"శనారం స్కానింగ్ కాడికొచ్చినప్పుడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాను.

వంటింట్లో కుళాయి ఆగింది. వాళ్లావిడ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది, చేతిలో ఛాయ్ గ్లాసులు ఉన్నాయి, లోపలికి మాత్రం రాలేదు. అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కోరుకున్నాను. తిట్టడానికి గొంతు కావాలని కూడా అప్పుడే తట్టింది. హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ గురువారం ఎవరి పెండ్లి?"

నేను ఆలోచించాను. ఆ రోజు వాయించిన పాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పెళ్లికూతురు ఏ పాటకు నడిచొచ్చిందో, మేనత్తలు ఏ పాట మూడుసార్లు అడిగారో గుర్తొచ్చాయి. ఎవరి పెళ్లో మాత్రం గుర్తుకు రాలేదు. పేర్లు మా వెనక పూల గోడ మీద రాసి ఉంటాయి, మేము జనం వైపు తిరిగి నిలబడతాం. తెలియదురా అని చెప్పాను.